గీత బయట పదకొండేళ్లు: ఒక కబడ్డీ ఆటగాడి కేస్ స్టడీ

ఆయన కేస్ షీట్ మొదటి పేజీలో ఉన్నది ఇంతే: పురుషుడు, 34 ఏళ్లు, అవివాహితుడు, చదువు పదో తరగతి, జబ్బు స్కిజోఫ్రీనియా, చికిత్స మొదలై 11 ఏళ్లు, ఆసుపత్రిలో చేరింది రెండుసార్లు. కబడ్డీ ఆడేవారన్న మాట అందులో ఎక్కడా లేదు. జిల్లా స్థాయిలో ఆడిన మనిషి అని మాకు తెలిసింది నాలుగో వారంలో. అదీ, ఎడమ మోకాలి మీద అరచేయంత మచ్చ చూసి "ఇది ఎలా తగిలింది?" అని నేను అడిగితే. "పట్టు పట్టారు మేడమ్. మట్టి కోర్టు" అన్నారు. ఆ నాలుగు వారాల్లో ఆయన నోట నేను విన్న అతి పొడవైన జవాబు అదే.

నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. కోస్తాలోని ఒక చిన్న పట్టణంలో మానసిక జబ్బు నుంచి కోలుకుంటున్నవారు పగటిపూట వచ్చి గడిపే కేంద్రంలో పనిచేస్తున్నాను. కాగితపు సంచుల తయారీ, వంట, తోటపని, వారానికి రెండు రోజులు ఆటలు మా దినచర్య. ఈ కేసులో ఆటకు తోడుగా కవిత్వాన్ని వాడాం. కవిత్వం రాయించడం వేరు, ఒకరి మాటల్లోంచి కవిత కూర్చడం వేరు. మేం చేసింది రెండోది.

ఈ వివరాలు రాయడానికి ఆయన లిఖితపూర్వకంగా అనుమతి ఇచ్చారు. అనుమతి పత్రాన్ని చదివి వినిపించాను, వారం గడువిచ్చి మళ్లీ అడిగాను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షను రోగి వివరాల గోప్యతను హక్కుగా గుర్తించింది. అందుకే ఆయనను గుర్తుపట్టే అవకాశం ఇచ్చే కొన్ని వివరాలు మార్చాను. కవితల్లో మాత్రం ఒక్క మాటా మార్చలేదు. అది ఆయన పెట్టిన షరతు. ఎందుకు పెట్టారో ముందుకు వెళితే తెలుస్తుంది.

కేంద్రానికి వచ్చేనాటికి

తండ్రి లేరు. అమ్మ, అన్నయ్య, వదిన, వాళ్ల ఇద్దరు పిల్లలతో ఉంటారు. ఇరవై మూడో ఏట, ఒక సంక్రాంతి పోటీల తర్వాత నిద్ర పోయింది. గోడ అవతల ఎవరో తన గురించి మాట్లాడుకుంటున్నట్టు వినిపించడం మొదలైంది. మొదట్లో భూతవైద్యం, తాయెత్తులు, మూడు గుళ్లలో నిద్రలు. తర్వాత ఆసుపత్రి. మాకు వచ్చేనాటికి గొంతులను తగ్గించే రిస్పెరిడోన్ మాత్రలు, వాటితో పాటు ఆ మందు వల్ల ఒళ్లు బిగుసుకుపోకుండా ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ వాడుతున్నారు. గొంతులు పూర్తిగా పోలేదు, బాగా తగ్గాయి. కానీ మనిషి కదలడం తగ్గింది, మాట తగ్గింది. అన్నయ్య మాటల్లో చెప్పాలంటే "గొడవ లేదండీ, మూలన కూర్చుంటాడు, అంతే." ఇంట్లో అందరూ దాన్ని జబ్బు తగ్గడం కిందే లెక్కవేశారు. ప్రతి నెలా డాక్టరు గారు అడిగే ప్రశ్నలకు ఆయన జవాబు కూడా "బాగానే ఉంది సార్" ఒక్కటే.

మచ్చ సంగతి తెలిసిన తర్వాత ఆటల రోజున కబడ్డీ పెడదామా అని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపారు. మర్నాడు తనే వచ్చి "కోర్టు ఎక్కడ గీస్తారు?" అని అడిగారు.

పురుషుల కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మా పెరట్లో అంత చోటు లేదు. సగానికి కుదించాం. సున్నం లేకపోతే కేంద్రానికి వచ్చే ఇద్దరు ఆడవాళ్లు ముగ్గుపిండితో గీతలు పోశారు. ఆయన ఆ గీతల పక్కన నడుస్తూ, అడుగులతో కొలుస్తూ, ఒకచోట ఆగి "ఇది వంకర" అన్నారు. చెరిపి మళ్లీ పోశారు. ఆటకు ముందు డాక్టరు గారు రక్తపోటు, బరువు, ఈసీజీ చూశారు. ఒంటి మీద పడి పట్టడం వద్దని, తాకితే ఔట్ అనే నియమం పెట్టుకున్నాం. ఎండ తగ్గాక సాయంత్రం నాలుగున్నరకు ఆట, ప్రతి పది నిమిషాలకు నీళ్లు. ఈ మందులు వాడేవారికి ఎండదెబ్బ భయం ఎక్కువ. ఈ పని చేయాలనుకునేవారు ముందు నీళ్ల బిందె సంగతి చూసుకోవాలి, కవిత్వం తర్వాత.

పద్ధతి, దానిలో నా తప్పు

ఒకరు చెప్పిన మాటలను వారి మాటలతోనే కవితగా పేర్చడం కొత్త విషయం కాదు. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త లారెల్ రిచర్డ్‌సన్ 1990ల మొదట్లో ఒక అవివాహిత తల్లితో జరిపిన సుదీర్ఘ సంభాషణను ఇలా కవితగా మలిచారు. ఆటల రంగంలో ఈ పనిని మానసిక అనారోగ్యం దగ్గరికి తెచ్చినవారు బ్రిటన్‌కు చెందిన పరిశోధకులు డేవిడ్ కార్లెస్, కిట్రీనా డగ్లస్. డగ్లస్ ఒకప్పుడు వృత్తి గోల్ఫ్ క్రీడాకారిణి. వీళ్లిద్దరూ తీవ్రమైన మానసిక సమస్యలున్న పురుషుల ఆటల అనుభవాలను కవితా రూపంలో 2009లో ప్రచురించారు. అంతకు ముందు ఏడాది వాళ్లు రాసిన ఒక వ్యాసం నాకు బాగా పనికొచ్చింది. ఆట గురించి ఈ మనుషులు చెప్పే కథలు మూడు రకాలని వాళ్లు గమనించారు: ఆడుతున్న క్షణం గురించి, సాధించినదాని గురించి, కలిసిన మనుషుల గురించి. మన దగ్గర కుటుంబాలు, కొన్నిసార్లు మేం కూడా, రెండోదాన్నే అడుగుతాం. "ఎన్ని కప్పులు గెలిచావు?" అంటాం. ఈయన దగ్గర కప్పులు లేవు. ఉన్నవి అన్నయ్య అటక మీద పెట్టేశారు.

ఆట అయ్యాక అరుగు మీద కూర్చుని ఇరవై నిమిషాలు మాట్లాడుకునేవాళ్లం. ఒప్పుకున్న రోజున ఫోనులో రికార్డు చేసేదాన్ని. ఆ రాత్రి ఉన్నది ఉన్నట్టు రాసుకుని, అందులోంచి పంక్తులు ఏరేదాన్ని.

మొదటి కవితను నేను పాడుచేశాను. చదువుకునే రోజుల నుంచి కవిత్వం అంటే ఇష్టం, అందుకే చేయి ఆగలేదు. ఆయన మాటల మధ్య "చీకటి గుహ", "వెలుగు రేఖ" అని రెండు పోలికలు పెట్టాను. చదివి వినిపిస్తే ఆయన మొహం మళ్లీ డాక్టరు గారి ముందు కూర్చున్నప్పటిలా అయిపోయింది. "బాగుంది మేడమ్" అన్నారు. ఆ "బాగుంది" నాకు తెలుసు. "మీరు అనని మాట ఏదైనా ఉందా?" అని అడిగాను. కాగితం తీసుకున్నారు. నా చేతిలోని పెన్ను అడిగారు. "గుహ" అన్న మాట కింద గీత గీసి, "నేను గుహ చూడలేదు" అన్నారు. తర్వాత ఆ గీత పైకి జరిపి మాటనే కొట్టేశారు. వెలుగు రేఖనూ కొట్టేశారు. ఆ రోజు నుంచి నియమం ఒకటే: మాటలు ఆయనవి. నేను తీసేయవచ్చు, వరుస మార్చవచ్చు, పంక్తి విరవవచ్చు. ఒక్క మాట కూడా చేర్చకూడదు.

రెండోసారి కూర్చిన కవిత ఇది.

గీత దగ్గర వంగాను
మట్టి తీశాను, చేతులు రుద్దాను
ఊపిరి పీల్చాను
దాటాను

కబడ్డీ కబడ్డీ కబడ్డీ
కూత నాది
గొంతు నాది
ఇంకో గొంతు లేదు

మూలవాణ్ని చూశాను
వాడు నన్ను చూడకముందే కాలు చాపాను
తాకాను

ఊపిరి అయిపోతోంది
గీత ఉంది
గీత ఉంది
వచ్చేశాను

"ఇంకో గొంతు లేదు" అన్న పంక్తి దగ్గర నేను చదవడం ఆపాను. కూత పెడుతున్నంతసేపూ గోడ అవతలి గొంతులు వినిపించవని ఆయన మాకు ఎప్పుడూ చెప్పలేదు. మేం అడగలేదు కూడా. గొంతులు వినిపించేవారిలో కొందరికి కూనిరాగం తీసినప్పుడు, పైకి చదివినప్పుడు అవి తగ్గుతాయన్నది ఈ రంగంలో పనిచేసేవారికి తెలిసిన సంగతే. కానీ దానికి ఈయనకు తన సొంత ఉపాయం ఇరవై మూడో ఏటకు ముందే ఉంది, ఒకే ఊపిరిలో 30 సెకన్ల వరకు పెట్టే కూత రూపంలో. ఇప్పుడు బస్సులో గొంతులు ఎక్కువైతే పెదవులు కదలకుండా లోపల కూత పెట్టుకుంటున్నారు. అది మేం నేర్పింది కాదు.

'నాకు' కవిత

మూడో సమావేశంలో ఆట మాట రాలేదు. జబ్బు మొదలైన రోజుల గురించి తనే చెప్పుకుపోయారు. ఆ రాత్రి రాసుకుంటుంటే ఒక విషయం కళ్లకు కొట్టినట్టు కనబడింది. పంక్తులు ఏరితే ఇలా వచ్చింది.

నాకు నిద్ర పట్టలేదు
నాకు వినబడింది
నాకు భయం వేసింది
నన్ను ఎక్కించారు
నన్ను దించారు
నాకు సూది వేశారు
నాకు మాత్రలు ఇచ్చారు
నాకు తగ్గిందన్నారు

మనస్తత్వవేత్త కారల్ గిలిగన్, ఆమె సహచరులు సంభాషణల్లోంచి 'నేను' ఉన్న వాక్యాలను మాత్రమే వేరుచేసి, వరుసగా పేర్చి వినే పద్ధతిని వాడారు. ఇంగ్లీషులో ఆ మాట ప్రతి వాక్యంలోనూ పైకే కనబడుతుంది కాబట్టి ఏరడం తేలిక. తెలుగులో 'నేను' చాలాసార్లు నోటికి రాదు. అది క్రియ చివర 'ను' అయి కూర్చుంటుంది: వంగాను, రుద్దాను, దాటాను, తాకాను. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను. కబడ్డీ కవిత నిండా 'ను'. జబ్బు కవితలో ఒక్క 'ను' లేదు. అన్నీ 'నాకు', 'నన్ను'.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఆకలైనా, కోపం వచ్చినా మనమంతా 'నాకు' అనే అంటాం. అది తెలుగు వ్యాకరణం, జబ్బు లక్షణం కాదు. దీన్ని రోగ నిర్ధారణకు వాడితే పెద్ద పొరపాటు అవుతుంది. కానీ ఒకే మనిషి నోట, ఒకే అరుగు మీద, ఒకదాని గురించి చెప్పేటప్పుడు పనులన్నీ తనవి కావడం, ఇంకొకదాని గురించి చెప్పేటప్పుడు పనులన్నీ ఇతరులవి కావడం నేను పక్కన పెట్టగలిగిన విషయం కాదు. పదకొండేళ్ల చికిత్సలో ఆయన చేసిన పని ఒక్కటి కూడా లేదా? ఆ పని ఆయనకు కనబడేలా మేం చేశామా? ఈ ప్రశ్న కేస్ షీట్ నుంచి నాకు ఎప్పుడూ రాలేదు. కవిత పంక్తులు ఒకదాని కింద ఒకటి పడటం వల్లే వచ్చింది.

కాలు వెనక్కి రాదు

ఆరో వారం నాటి కవితలోంచి కొన్ని పంక్తులు:

వంగితే నడుము వంగుతుంది
కాలు వెళుతుంది
కాలు వెనక్కి రాదు
మనసు గీత దగ్గరికి వచ్చేసింది
కాలు అక్కడే ఉంది
తగ్గిందని అందరికీ చెప్పారు
కాలికి ఎవరూ చెప్పలేదు

ఆయన ఆడుతుంటే నేను చూశాను కదా, నాకు ఎందుకు తట్టలేదో ఇప్పటికీ బాధగానే ఉంటుంది. చాలాకాలం ఆట మానేసిన మనిషి, ఒళ్లు వచ్చింది, అందుకే నెమ్మదించారనుకున్నాను. ఆయన అనుమతితో ఈ కవితను నెలవారీ సమీక్షకు తీసుకువెళ్లాను. డాక్టరు గారు రెండుసార్లు చదివారు. లేచి ఆయన దగ్గరికి వెళ్లి మణికట్టు పట్టుకుని ముందుకూ వెనక్కీ వంచి చూశారు. ఆ గదిలోనే నాలుగు అడుగులు నడిపించి, వెనక్కి తిరగమన్నారు. తిరగడానికి ఆయనకు ఐదారు చిన్న అడుగులు పట్టాయి. నడిచేటప్పుడు ఎడమ చేయి ఊగడం లేదు. మందు వల్ల వచ్చే బిగుసుకుపోవడం అది. ప్రతి నెలా "బాగానే ఉంది సార్" వెనక దాగి ఉంది.

డాక్టరు గారు మోతాదును ఒక్కసారిగా కాకుండా మెల్లమెల్లగా తగ్గించారు. ప్రతి పదిహేను రోజులకూ గొంతులు పెరిగాయా, నిద్ర ఎలా ఉంది అని అమ్మగారిని, ఆయన్ను విడివిడిగా అడిగారు. రెండు నెలలకు నడకలో తేడా కనబడింది. ఆటలో అంతకన్నా ముందే కనబడింది. చదువుకున్న రోగి అయినా, చదువులేని రోగి అయినా, డాక్టరు ముందు మన మనుషులు "బాగానే ఉంది" అంటారు. అది మర్యాద. మర్యాద అడ్డురాని చోటు ఒకటి వాళ్లకు కావాలి. ఈయనకు అది కబడ్డీ గీత దగ్గర దొరికింది.

ఇంట్లో చదివిన రోజు

కవితలను ఇంట్లోవాళ్లకు వినిపించాలా వద్దా అన్నది ఆయనకే వదిలేశాం. మూడు వారాలు ఆలోచించి ఒకటి ఎంచుకున్నారు. తను చదవనన్నారు, నన్ను చదవమన్నారు. ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. అమ్మగారు పీట మీద, అన్నయ్య గుమ్మంలో నిలబడి ఉన్నారు.

ఈ కవిత అర్థం కావడానికి కబడ్డీలో ఒక నియమం తెలియాలి. ఔటైన ఆటగాడు ఇంటికి వెళ్లడు. గీత బయట కూర్చుంటాడు. తన జట్టువాళ్లు ఎదుటి జట్టులో ఒకరిని ఔట్ చేస్తే, బయట ఉన్నవాళ్లలో ఒకడు, ఔటైన వరుసలోనే, లేచి లోపలికి వస్తాడు. పల్లెల్లో దీన్నే చావడం, బతకడం అంటారు.

నేను ఔటయ్యాను
గీత బయట కూర్చున్నాను
ఔటైనవాడు ఇంటికి పోకూడదు
కూర్చోవాలి
మనవాళ్లలో ఒకరు వెళ్లి
ఒకణ్ని తాకి వస్తే
నేను లేస్తాను
పదకొండేళ్లు కూర్చున్నాను
అన్నయ్య ఎప్పుడు కూతకు వెళతాడా అని చూశాను

చివరి పంక్తి చదివేటప్పుడు నా గొంతు నిలకడగా లేదు. అమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అన్నయ్య మొహం ఎర్రబడింది. "నేనేం చేయలేదా? ఆసుపత్రికి మోసుకెళ్లింది ఎవరు? మందులకు ప్రతి నెలా డబ్బు ఎవరిస్తున్నారు?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా బయటికి వెళ్లిపోయారు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ముందుగా అన్నయ్యతో విడిగా కూర్చుని, ఇలాంటి పంక్తి ఒకటి రాబోతోందని చెప్పి ఉండాల్సింది. నేను చెప్పలేదు. కవిత ఒకరి అనుభవాన్ని మనకు దగ్గర చేస్తుంది కానీ, పక్కనున్న ఇంకొకరి అనుభవానికి అందులో చోటు ఉండదు. పదకొండేళ్లు ఆ ఇంటి బరువు మోసిన మనిషి, తొమ్మిది పంక్తుల్లో ఏమీ చేయనివాడిగా మిగిలిపోయారు.

తర్వాతి వారం అన్నయ్యను కేంద్రానికి పిలిచాను. గంటన్నర మాట్లాడారు. ఆయన మాటలూ అదే పద్ధతిలో కూర్చాను, ఆయన అనుమతితో తమ్ముడికి చదివి వినిపించాను. దాన్ని ఇక్కడ ఇవ్వను, ఆయన వద్దన్నారు. విన్న తర్వాత తమ్ముడు అన్నది మాత్రం చెప్పమన్నారు: "అన్నయ్యా, నువ్వు కూడా బయటే కూర్చున్నావా?"

ఎవరికి పనికిరాదు

అదే కేంద్రంలో ఇంకో ఇద్దరితో ప్రయత్నించాను. ఒకరికి, జబ్బు ఉధృతంగా ఉన్న వారాల్లో, తన మాటలు కాగితం మీద కనబడటమే భయం పుట్టించింది. ఎవరో తన మెదడులోంచి తీసి రాశారనుకున్నారు. వెంటనే ఆపేశాం, కాగితాలు ఆయన కళ్ల ముందే చించేశాం. తన ఆలోచనలు ఇతరులకు తెలిసిపోతున్నాయన్న నమ్మకం బలంగా ఉన్నప్పుడు ఈ పని చేయకూడదు. నేను ముందే ఆలోచించాల్సిన విషయం అది. ఇంకొకరికి కవితంటే అక్కర్లేదు, ఆట ఒక్కటి చాలు. ఆమె రింగ్ టెన్నిస్ ఆడతారు, మాట్లాడమంటే నవ్వుతారు. ఆమె ఆటకు మాటలు తొడగాల్సిన అవసరం ఏమీ లేదు.

ఇప్పుడు

ఈయనకు గొంతులు ఇప్పటికీ వస్తాయి, ముఖ్యంగా నిద్ర చాలని రోజుల్లో. వారానికి రెండు సాయంత్రాలు ఆడుతున్నారు. ఒక రోజు మా పెరట్లో, ఒక రోజు ఊరి హైస్కూల్ మైదానంలో. అక్కడి డ్రిల్లు మాస్టారు ఒకప్పుడు ఈయన జట్టుకు శిక్షణ ఇచ్చినవారే. అక్కడి పిల్లలకు కూత ఎలా పట్టాలో, గీత దగ్గర ఎలా వంగాలో ఈయన చూపిస్తున్నారు. జీతం లేదు. దాని గురించి పాఠశాలతో మాట్లాడుతున్నాం. సంక్రాంతికి ఆడతారా అని అందరూ అడుగుతున్నారు. ఆయన ఇంకా ఏమీ అనలేదు, మేం ఒత్తిడి చేయడం లేదు.

ఈ వ్యాసం కోసం చివరిసారి అనుమతి తీసుకునేటప్పుడు కవితలన్నీ ఆయన ముందు పెట్టాను. 'నాకు' కవితను చాలాసేపు చూశారు. పెన్ను అడిగారు. 'నాకు మాత్రలు ఇచ్చారు' అన్న పంక్తిని కొట్టేయలేదు. అచ్చులోనూ అది అలాగే ఉండాలన్నారు. దాని పక్కన ఖాళీలో చిన్న అక్షరాలతో ఇంకో పంక్తి రాసి, దీన్ని వ్యాసం చివర పెట్టమన్నారు.

మాత్రలు వేసుకుంటున్నాను